ఆయన చేతికి ఆమె వాచీ

డ్రైవరమ్మకి విశ్రాంతి అనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. సిటీ బస్సు నడిపే మనిషి ఆవిడ. ఎర్రలైటు పడితే అది తనని చూసే కావాలని పడ్డట్టు స్టీరింగు మీద దరువేస్తుంది. అడ్డొచ్చినవాణ్ణి కిటికీలోంచి తల బయటపెట్టి మరీ తిడుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని, వారానికి రెండు రోజులు సైకిలు ముట్టుకోకు, కాళ్ళు చాపుకుని కూర్చో అంటే ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. ఇంత కథా ఆ ఊరుకోకపోవడం వల్లే వచ్చింది.

రోజంతా సీట్లో కూర్చుని నడుం పట్టేస్తోందని నలభయ్యో ఏట ఒక పాత సైకిలు కొనుక్కుంది. నడుం నొప్పి పోయింది, సైకిలు పిచ్చి పట్టుకుంది. ఊరి చివర పాత గోడౌనులో సైకిలు క్లబ్బు ఒకటి ఉందని తెలిసి వెళ్ళి చేరింది. అక్కడంతా తనలాంటివాళ్ళే. నర్సు, ప్లంబరు, లెక్కల టీచరు, బ్యాంకు గుమాస్తా. తెల్లారకముందే లేచి తొక్కి, చెమట ఆరకముందే ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి శిక్షణ ఇచ్చేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. బళ్ళో ఉద్యోగం అయిపోయినా ఆయన మెళ్ళో ఈల మాత్రం దిగలేదు.

"డబ్బుకి తొక్కేవాళ్ళు తొక్కొచ్చి పడుకుంటారు. మీరు తొక్కొచ్చి డ్యూటీకి పోతారు," అనేవాడు మాస్టారు ఈల ఊదినంత గట్టిగా. "కాబట్టి మీకు నేర్పాల్సింది తొక్కడం కాదు, ఆగడం. తొక్కితే బలం రాదర్రా, ఒళ్ళు చిరుగుతుంది. కుట్లు పడేది విశ్రాంతిలోనే."

ఆయన పద్ధతి ఆయనది. మంగళవారం కొండ, బుధవారం నెమ్మది, శుక్రవారం వేగం, శనివారం మళ్ళీ నెమ్మది, ఆదివారం దూరం. సోమవారం, గురువారం రెస్టు. రెస్టంటే రెస్టే. సరదాకి కూడా ఒక చుట్టు తొక్కకూడదు. ఈ ఉద్యోగస్తులంతా రెస్టు రోజు దొంగతనంగా తొక్కే రకమని ఆయనకి ముందే తెలుసు. అందుకని రెస్టు రోజు పొద్దున్నించి రాత్రి దాకా నాడి కొలిచే వాచీ చేతికి ఉండి తీరాలన్నాడు. ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో అన్నీ ఆయన ఫోనులోకి వచ్చి పడతాయి.

ఏడాదికోసారి కొండ పోటీ జరుగుతుంది. క్లబ్బు తరఫున ఆడవాళ్ళలో ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరూ తనే అవ్వాలని డ్రైవరమ్మ పట్టుదల. అడ్డం ఒక్కతే, ఆ బ్యాంకు గుమాస్తా. ఆ పిల్ల తనకంటే పదేళ్ళు చిన్నది, పైగా మాస్టారికి మేనకోడలు. 'అక్కా అక్కా' అంటూ నవ్వుతూనే ప్రతి మంగళవారం కొండ మీద ఇంకొంచెం దగ్గరికి వస్తోంది. తను కూర్చున్న ప్రతి గంటా ఆ పిల్ల ఎక్కడో తొక్కుతూనే ఉందని డ్రైవరమ్మ అనుమానం. మేనమామ ఆమెకి వేరే పద్ధతి చెబుతున్నాడేమో, ఎవరికి తెలుసు?

అందుకని ఒక సోమవారం పొద్దున్నే మొగుణ్ణి తట్టి లేపింది.

"చెయ్యివ్వండి."

ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపాడు. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. రోజంతా బల్ల ముందు కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. అంతకంటే నిమ్మళమైన మనిషి, అంతకంటే నిమ్మళమైన పని ఆవిడకి కనిపించలేదు. వాచీ తీసి ఆయన మణికట్టుకి కట్టింది.

"ఇదెందుకు?"

"ఇవాళ మీరు నేను. కదలకుండా కూర్చోండి. నేనో చుట్టు కొండెక్కి వస్తాను."

విషయం అర్థమయ్యాక ఆయన పక్కమీదే పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే నీ విశ్రాంతి నేను తీసుకోవాలన్నమాట. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకు తగిన పని చెప్పావు."

అలా మొదలైంది. సోమవారాలు, గురువారాలు వాచీ ఆయన చేతికి, సైకిలు ఆవిడ కాళ్ళకి. ఆవిడ డ్యూటీకి ముందు కొండ, డ్యూటీ దిగాక చెరువు కట్ట. ఆయన షాపులో బల్ల ముందు ఆవిడ గుండెగా కూర్చునేవాడు. ఇంట్లో మూడో మనిషి డ్రైవరమ్మ వాళ్ళమ్మ. ఆవిడకి మధ్యాహ్నం నిద్ర పడితే ఇల్లు కూలినా మెలకువ రాదు. అల్లుడి చేతికి వాచీ చూసి, "ఎంత బాగుంది నాయనా నీ చేతికి," అని మురిసిపోయింది. అల్లుడు ఏం చేసినా ఆవిడకి బాగానే ఉంటుంది.

మొదటి రెండు వారాలూ డ్రైవరమ్మ గాల్లో తేలింది. మూడో వారం మాస్టారు ఫోను చేశాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగుందా?"

"రాయిలా ఉన్నాను మాస్టారూ."

"ఈ శుక్రవారం వేగం వద్దు. నెమ్మదిగా తొక్కు."

డ్రైవరమ్మకి కోపం నషాళానికంటింది. తన కాళ్ళలో ఇంత బలం ఉంటే నెమ్మదిగా తొక్కడమేమిటి? ఫోను పెట్టేసి గిన్నెల మీద ఆ కోపం చూపించింది. శుక్రవారం ఎవరూ చూడకుండా ఇంకో దారిన వెళ్ళి వేగంగానే తొక్కింది. ఆ రోజు కూడా వాచీ మొగుడి చేతికే ఉంది.

ఆ తర్వాతి వారం మాస్టారు బుధవారం కూడా రెస్టు అన్నాడు. ఆ పైవారం శనివారం కూడా. ఆయన ఒక రోజు తీసేస్తే ఆవిడ రెండు పూటలు దొంగతనంగా తొక్కేది. ఆవిడ తొక్కే కొద్దీ వాచీ మొగుడి చేతికి ఎక్కువ రోజులుండేది. అది ఆయన చేతికి ఉన్న కొద్దీ మాస్టారు ఇంకా రెస్టు అనేవాడు. ఈ తిరకాసు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో ఆవిడ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే తెలిసేది. ఆగడమే కదా ఆవిడకి రానిది.

పైగా ఇంట్లో మొగుడితో కూడా వేగలేకపోతోంది. ఆయనకి ఎప్పుడూ ఉక్కపోతే. చలికి అమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంటే ఈయన ఫ్యాను జోరుగా పెట్టుకునేవాడు. డ్రైవరమ్మ ఆపేసేది, ఆయన మళ్ళీ వేసేవాడు. రాత్రిళ్ళు అటూ ఇటూ దొర్లి ఆవిడ నిద్ర కూడా పాడుచేసేవాడు. ఇద్దరు మనుషుల తిండి తింటున్నాడు, ప్యాంటేమో నడుం దగ్గర జారిపోతోంది.

"నేను కొండలెక్కి చస్తున్నా అర కిలో తగ్గడం లేదు. మీరు కూర్చుని తింటూ తగ్గిపోతున్నారు. ఏం జాతకమండీ మీది?" అంది ఒకరోజు అసూయగా.

"నీ విశ్రాంతి తీసుకోవడం అంత సులువనుకున్నావా? అరగదీస్తోంది నన్ను," అన్నాడాయన.

ముగ్గురూ నవ్వారు. ఆ వారంలోనే ఆయన చేతిలో మూడు జతల అద్దాలు పగిలాయి. ఇరవయ్యేళ్ళలో అద్దం పగలగొట్టిన మనిషి కాదు. "ధ్యాస ఎక్కడ పెడుతున్నారు?" అని ఆయన మీద కూడా విరుచుకుపడింది. ఆయన తన వేళ్ళకేసి చూసుకుని, వయసొస్తోందిలే అన్నాడు.

పోటీకి రెండు వారాలున్నాయనగా గోడౌనులో అందరినీ నిలబెట్టి మాస్టారు పేరు చెప్పాడు. మేనకోడలు వెళుతుందన్నాడు. ఒక్క మాటలో తేల్చేసి మెళ్ళో ఈలని చొక్కా జేబులోకి దోపుకున్నాడు.

గోడకి వేలాడుతున్న సైకిళ్ళు, టైర్ల రబ్బరు వాసన, చేతులు తుడుచుకునే నూనెగుడ్డలు, అన్నీ తనని చూసి జాలిపడుతున్నట్టు డ్రైవరమ్మకి అనిపించింది. ఆవిడ భరించలేనిదేదైనా ఉందంటే అది జాలే.

"మంగళవారం కొండ మీద ముందెవరున్నారు మాస్టారూ?" అంది.

"నువ్వే."

"ఆదివారం చివరిదాకా గాలికి ఎదురు తొక్కిందెవరు?"

"నువ్వేనమ్మా."

"మరి ఆ పిల్ల ఎందుకు వెళుతోంది? మీ చెల్లెలి కూతురనా? ఆ ముక్క మొదటే చెప్పేస్తే నేను బస్సు నడుపుకుంటూ కూర్చునేదాన్ని కదా! నెలన్నరగా నన్ను తొక్కొద్దు తొక్కొద్దని పక్కన కూర్చోబెట్టి, మీ పిల్లని ముందుకి తోశారు. పెద్దమనిషి చేసే పనేనా ఇది?"

మేనకోడలి ముఖం పాలిపోయింది. "అక్కా, నేను కూడా అడిగాను, నువ్వే వెళ్ళాలని..." అనబోయింది.

"నువ్వు నోరు ముయ్యి," అంది డ్రైవరమ్మ.

మాస్టారు ఇంతసేపు ఒకరి మాట పడడం క్లబ్బులో ఎవరూ చూడలేదు. మిగతావాళ్ళని బయటికి పొమ్మని చెయ్యి ఊపాడు. అందరూ వెళ్ళాక కూడా గొంతు తగ్గించలేదు.

"నలుగురిలో నీ సంగతి చెప్పడం ఎందుకులెమ్మని నోరు మూసుకున్నాను. ఇప్పుడు విను. కొండ మీద తొక్కేటప్పుడు నీ గుండె గుర్రంలా ఉంది, కాదనను. కానీ రెస్టు రోజున? ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు అది కొట్టుకునే తీరు చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. వారం వారం పెరుగుతోంది. మధ్యమధ్యలో తాళం తప్పుతోంది. నేను రెస్టు పెంచేకొద్దీ ఇంకా పరిగెడుతోంది. కూర్చున్నచోట కూర్చునే కొండెక్కుతున్నట్టుందమ్మా నీ గుండె! అలాంటి దాన్ని పోటీకి పంపి, కొండ మధ్యలో పడిపోతే మీ ఆయనకి నేనేం చెప్పుకోను? డాక్టరుకి చూపించుకోమని ఇవాళ చెబుదామనే ఉన్నాను."

డ్రైవరమ్మ ఆ మాటలు మళ్ళీ అనుకుంది.

రెస్టు రోజున. కూర్చున్నచోట.

ఫ్యాను గుర్తొచ్చింది. జారిపోతున్న ప్యాంటు గుర్తొచ్చింది. పగిలిన అద్దాలు, వేళ్ళకేసి చూసుకున్న ఆయన చూపు గుర్తొచ్చాయి. పక్కనున్న సైకిలు సీటు పట్టుకుని నిలబడింది.

"మాస్టారూ," అంది, "అది నా గుండె కాదు."

"ఏంటీ?"

"రెస్టు రోజుల్లో వాచీ మా ఆయన చేతికి కట్టేదాన్ని. నేను తొక్కడానికి పోయేదాన్ని."

మాస్టారు ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఆ పైన ఆయన అరిచిన అరుపుకి గోడౌను రేకులు అదిరాయి.

"అయితే ఇన్నాళ్ళూ నేను ప్లాను వేసింది ఎవరికే? సగం నీకు, సగం మీ ఆయనకా? లేని మనిషికి రాత్రింబవళ్ళు లెక్కలు కట్టానా? నన్ను మోసం చేస్తే చేశావు, ముసలాణ్ణి, పడతాను. అక్కడ ఆ మానవుడి గుండె నెలన్నరగా కేకలు వేస్తుంటే, ఆ కేకలు నీవనుకుని నేను నీకు రెస్టు ఇస్తూ కూర్చున్నాను! ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? పో! ముందు ఆయన దగ్గరికి పో!"

ఆవిడ పోయింది. షాపుకి వెళ్ళి, కొలతలు చూస్తున్న గిరాకీని బయటికి పంపి, షట్టరు లాగి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఏమిటి, ఎందుకు అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. మెట్లెక్కేటప్పుడు ఆయన మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం చూసింది. ఎన్నాళ్ళుగా ఇలా ఆగుతున్నాడో ఆవిడకి తెలియదు. ఆయనతో కలిసి మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో కూడా తెలియదు.

డాక్టరు ఆయన మెడ తడిమింది, చేతులు చాపమని వేళ్ళ వణుకు చూసింది, ఛాతీ మీద తీగలు అంటించి గుండె గీతలు తీసింది. రక్తం కూడా తీయించి, ఫలితం వచ్చేదాకా కూర్చోబెట్టింది. థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి ఒళ్ళంతటినీ ఉరకలు పెట్టిస్తోందంది. గుండె నెలల తరబడి ఆగకుండా పరిగెత్తి పరిగెత్తి లయ తప్పడం మొదలుపెట్టిందంది.

"మందులతో దారికొస్తుంది. కానీ ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కొన్ని వారాలు షాపు లేదు, మెట్లు లేవు, బరువులు లేవు. పూర్తి విశ్రాంతి," అంది డాక్టరు. తర్వాత అప్పటికీ ఆయన చేతికే ఉన్న వాచీ చూసింది. "ఇది నాడి కొలిచేదే కదా? కూర్చున్నప్పుడు నాడి పరిగెడితే మోగుతుందే, ఇది మీకేమీ చెప్పలేదా?"

"ఊరికే గర్రుమంటూ ఉండేదండీ," అన్నాడాయన.

డ్రైవరమ్మ చివాలున తలెత్తింది. "ఎప్పుడు?"

"కట్టుకున్నప్పుడల్లా. అద్దం అరగదీస్తుంటే గర్రుమనేది. టీ తాగుతుంటే గర్రుమనేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అది నీ వాచీ కదే. నీ గుండెకి అలవాటు పడిపోయింది. పోటీల్లో తొక్కేదాని గుండెక్కడ, బల్ల ముందు కూర్చునేవాడి గుండెక్కడ? నా చెయ్యి దానికి నచ్చలేదేమో అనుకున్నాను. చెబితే నువ్వు నీ తొక్కుడు మానుకోవాల్సొస్తుంది. అందుకని అది గర్రుమనకుండా నొక్కేశాను."

డ్రైవరమ్మకి ఆ క్షణాన మొగుణ్ణి కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనిపించింది. రెండూ చెయ్యలేక వాచీ విప్పి, మోగడం మళ్ళీ పెట్టి, మళ్ళీ ఆయన చేతికే గట్టిగా కట్టింది.

"ఇక ఇది మీదే. తీశారో, చంపేస్తాను," అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆవిడ కాపలా. ఆయన గుండె ఇప్పుడు ఆవిడ ఫోనులో కొట్టుకుంటోంది. ఆయన నీళ్ళ బిందె ముట్టుకుంటే అరుపు, స్టూలెక్కబోతే అరుపు, కిటికీ తలుపు గట్టిగా తోసినా అరుపే. కోపమొచ్చినప్పుడు ఆవిడ నోట్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. ఆ వారమంతా ఆయన 'మీరు' అన్న మాట విన్న పాపాన పోలేదు. క్లబ్బుకి ఆవిడ వెళ్ళలేదు. మాస్టారు రమ్మనలేదు. ఆయన కోపంలో న్యాయం ఉందని తెలిసినా, తెలిసినందువల్ల ఆవిడ మంట తగ్గలేదు. సైకిలు గోడకి ఆనించి ఉంటే పక్కనుంచి పోతూ దాన్నీ ఒకసారి కాలితో తన్నింది. దెబ్బ కాలికే తగిలింది.

"ఒక్క గంట షాపుకెళ్ళొస్తానే," అనేవాడాయన రోజూ. "గోడకేసి చూసీ చూసీ పిచ్చెక్కుతోంది."

"పిచ్చెక్కనీ. పిచ్చికి వేరే డాక్టరున్నాడు."

కొండ పోటీ రోజు డ్రైవరమ్మకి డ్యూటీ పడింది. పడడమేమిటి, అడిగి వేయించుకుంది. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరి మీద పడి అరుస్తానని ఆవిడకే తెలుసు. కానీ అదృష్టం చూడండి, పోటీ వెళ్ళే దారీ ఆవిడ బస్సు వెళ్ళే దారీ పెద్ద కూడలి దగ్గర ఒకటయ్యాయి. పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. బారికేడ్లు లాగేశారు. వెనక సీట్లలో జనం గొణుగుతుంటే, డ్రైవరమ్మ ఇంజను ఆపి స్టీరింగు మీద చేతులు వేసుకుని కూర్చుంది. కదలకుండా కూర్చోవడం ఆ రోజు ఉద్యోగంలో భాగమైంది.

సైకిళ్ళు గుంపుగా వచ్చాయి. చక్రాల చప్పుడు అద్దం ఇవతలికి కూడా వినబడింది. ఆడవాళ్ళ వరసలో ముందు నుంచి నాలుగో సైకిలు మేనకోడలిది. నడుం వంచి, పళ్ళు బిగించి, కళ్ళు రోడ్డు మీదే పెట్టి తొక్కుతోంది. భుజాలు అదరడం లేదు, శక్తి ఎక్కడా వృథా పోవడం లేదు. విశ్రాంతి తీసుకున్న ఒళ్ళు అలా ఉంటుందని డ్రైవరమ్మకి చూడగానే తెలిసిపోయింది. తెలిసి కడుపు రగిలిపోయింది. ఆ పిల్ల మీద కాదు, మాస్టారి మాట ఆ పిల్ల విని, తను విననందుకు.

కోపం మళ్ళించుకోవడానికి ఫోను తీసి మొగుడి నాడి చూసుకుంది. ఎంత నిమ్మళంగా ఉందో! మందులు మొదలుపెట్టాక అంత చక్కగా ఎప్పుడూ లేదు. నిద్రపోతున్న మనిషి గుండెలా మెల్లగా, సమంగా కొట్టుకుంటోంది. డ్రైవరమ్మకి ఆ కూడలి మధ్యలో కళ్ళు చెమర్చాయి. పోతే పోయింది పోటీ, అనుకుంది. ఆ మాట నిజంగానే అనుకుంది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చెప్పులు చప్పుడు కాకుండా విప్పింది. ఆయన నిద్ర చెడగొట్టకూడదని మునివేళ్ళ మీద నడిచి గదిలోకి తొంగిచూసింది.

మంచం ఖాళీగా ఉంది.

ముందు గదిలో అమ్మ వాలుకుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది. ఆ చేతికి వాచీ ఉంది.

"అమ్మా!"

ఆ కేకకి ఎన్నడూ లేవని మనిషి లేచి కూర్చుంది. "ఏమైందే?"

"ఇది నీ చేతికెందుకుంది?"

"అల్లుడు కట్టాడే. టైము చూసుకోండత్తయ్యా, చక్కగా పడుకోండి అన్నాడు. పాపం, ఎంత ఆప్యాయంగా కట్టాడనుకున్నావు?"

వాచీని అమ్మ చేతినుంచి ఎలా లాగిందో, తన చేతికి ఎప్పుడు కట్టుకుందో ఆవిడకి గుర్తులేదు. సైకిలెక్కింది. షాపు దారి అంతా ఎత్తే. ఆ ఎత్తు మీద ఆవిడ జీవితంలో ఎప్పుడూ తొక్కనట్టు తొక్కింది. పోటీ కొండ మీద కూడా అలా తొక్కి ఉండేది కాదు. అడ్డొచ్చినవాళ్ళని తిట్టను కూడా తిట్టలేదు, ఊపిరి చాలక. ఆయన నేల మీద పడి ఉన్నట్టు ఒకసారి, బల్ల మీద తల వాల్చినట్టు ఒకసారి, కళ్ళ ముందు మారి మారి కనిపించాడు. ఆ రోజు గోడౌనులో మాస్టారు రేకులదిరేలా ఎందుకరిచాడో దారిలో తెలిసింది. ఆయనది కోపం కాదు. నెలన్నరపాటు ఎవరిదో తెలియని గుండె గురించి ఒక్కడే భయపడ్డ మనిషి అరుపు అది.

షట్టరు సగం దించి ఉంది. లోపల అద్దాలు అరగదీసే చక్రం తిరుగుతున్న చప్పుడు. డ్రైవరమ్మ వంగి లోపలికి దూరింది.

ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఏప్రను కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికిపోయిన ముఖంతో ఉన్నాడు. బతికే ఉన్నాడు.

"నువ్వు మనిషివేనా?" అంది డ్రైవరమ్మ. పక్క షాపువాళ్ళు షట్టరు కిందినుంచి తలలు పెట్టి చూస్తున్నా ఆగలేదు. "నీకు బుద్ధుందా? డాక్టరు ఏం చెప్పింది? నేనక్కడ బస్సులో కూర్చుని మా అమ్మ గుండె చూసి మురిసిపోతున్నాను! ఎంత బాగుందో అని ఏడ్చాను కూడా! నన్నింత వెర్రిదాన్ని చేస్తావా?"

"ఒక్క జతేనే," అన్నాడాయన మెల్లగా. "కంటి ఆపరేషనైన పెద్దాయన నాలుగు రోజులుగా గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడు. ఇదిచ్చేసి వచ్చేద్దామని..."

"వాచీ అమ్మ చేతికి కడతావా? ఎక్కడ నేర్చుకున్నావీ దొంగబుద్ధి?"

అనేసిన తర్వాత ఆ మాట తనకే వినబడింది. ఆయన అద్దం కిందపెట్టాడు.

కళ్ళు పరీక్షించేటప్పుడు గిరాకీలు కూర్చునే కుర్చీలో డ్రైవరమ్మ కూలబడింది. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరం నుంచి చిన్న అక్షరం దాకా వరసలున్నాయి. ఏ వరసా కనబడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆయాసం తగ్గింది, చెమట ఆరింది, అయినా లోపల దడదడ తగ్గలేదు.

వాచీ గర్రుమంది.

ఆయన అలవాటుగా తన మణికట్టుకేసి చూసుకున్నాడు. అక్కడేమీ లేదు. "ఎవరిదే అది?"

"నాది," అంది. "ఈసారి నాదే."

"సైకిలు దిగి చాలాసేపైందిగా. కూర్చునే ఉన్నావుగా?"

"కూర్చునే ఉన్నాను." గొంతులో అరుపు లేదు, వెతికినా దొరకలేదు. "నాకు భయంగా ఉందండీ. మీరు పోతారేమోనని భయంగా ఉంది."

ఆయన చక్రం ఆపాడు. ఏప్రను విప్పి బల్ల మీద పడేసి, స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. వాచీ మళ్ళీ గర్రుమంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఆపలేదు.